ముడి ఊడిపోయిందని చెప్పాను

రేపల్లె నుంచి ఫోన్ వస్తే నేను ఎత్తను. అది మోగి మోగి దానంతట అదే ఆగేదాకా చూస్తూ కూర్చుంటాను. ఆగాక కూడా కాసేపు దాన్ని ముట్టుకోవాలంటే భయం. మా ఆవిడ చాలాసార్లు గమనించింది. "ఎవరండీ అది, పామును చూసినట్టు చూస్తారు?" అని ఒకసారి అడిగింది. "కంపెనీ వాళ్ళులే" అన్నాను. అబద్ధం తడుముకోకుండా వచ్చింది. నా నోటికి అది అలవాటే.

కొన్నేళ్ళుగా ఒక మాట మోస్తున్నాను. మొదట్లో చిన్నదే అనుకున్నాను. కథే కదా, ఎవరికేం నష్టం అనుకున్నాను. ఇప్పుడది తడిసి మోపెడైంది. అన్నం ముందు కూర్చుంటే గుర్తొస్తుంది. పక్కింట్లో స్టీలు పళ్ళెంలో ఏదైనా టక్కున పడితే చేస్తున్న పని వదిలేస్తాను. అదెందుకో కూడా చెబుతాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యం మీదే మొదలుపెడుతున్నాను. మనుషుల పేర్లు, పుస్తకం పేరు మార్చాను. ఊళ్ళు మాత్రం మార్చలేకపోయాను. ఆ ఊళ్ళు తీసేస్తే ఈ సంగతి నాకు చెప్పడం రాదు.

నేను కథలు చెబుతాను. రాయడం కాదు, చెప్పడం. సినిమాల్లో ఇదొక పని. రాసినదాన్ని అక్కడ ఎవరూ చదవరు. నిర్మాత చదవడు, హీరో అసలే చదవడు. ఎదురుగా ఒకడు కూర్చుని మొదటి నుంచి చివరిదాకా నోటితో చెప్పాలి. గాలి వీచే చోట గాలి వీచాలి, ముసలమ్మ మాట్లాడే చోట ముసలమ్మ అయిపోవాలి. విన్నవాళ్ళు సరే అంటే సినిమా, లేకపోతే లేదు. అందులో నాకు కాస్త పేరుంది. "తెనాలివాడికి నోరు కాక ఇంకేం ఉంటుందిరా" అని మావాళ్ళు ఆటపట్టిస్తారు. నిజమే. నాకు ఇంకేమీ లేదు.

ఈ పనిలో ఒక కిటుకు ఉంది. వినేవాడి మొహం చూస్తూ కథ మార్చాలి. కళ్ళు మూతలు పడుతుంటే అక్కడొక పోరాటం పెట్టాలి. కన్ను తడి అయితే ఆ చోటే ఇంకాసేపు నిలబడాలి. నిర్మాతకి ఒక ముగింపు, హీరోకి ఇంకో ముగింపు చెప్పిన రోజులున్నాయి. ఇద్దరూ ఒకే కథ విన్నామనుకుని చేతులు కలిపారు. తర్వాత తేడా బయటపడితే, "అబ్బే, అక్కడ కొంచెం మార్చారండి" అంటే సరిపోయేది. మా దాంట్లో దీన్ని మోసం అనరు, నేర్పు అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు ఏమనుకుంటున్నానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

'ఆటుద్వీపం' అనుకుందాం ఆ నవల పేరు. మా చిన్నప్పుడు వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన జానపద నవల. తెనాలిలో అద్దె పుస్తకాల షాపులో దాని బైండు కాపీ కోసం మేము ఒకళ్ళనొకళ్ళు తోసుకునేవాళ్ళం. సముద్రం ఆటుకి తగ్గినప్పుడు మాత్రమే బయటపడే దీవి ఒకటి. అందులో జలకంఠుడనే మాంత్రికుడు. పోటు వచ్చిన ప్రతిసారీ ఒడ్డు నుంచి ఏదో ఒకటి ఎత్తుకుపోతాడు. ఒకసారి పడవ, ఒకసారి పాట, ఒకసారి మనిషి. పడవవాడి కూతుళ్ళు ఇద్దరు వాడికి ఎదురు నిలుస్తారు. అక్క పేరు ముత్యాలు. చెల్లెలు గవ్వ, చిన్నపిల్ల. చివర్లో వాడు తాటిచెట్టంత అల లేపుతాడు. ముత్యాలు తన ఓణీతో గవ్వని నడుముకి కట్టుకుంటుంది. అల మీద అల వచ్చి కొడుతుంది. ఆ ముడి ఊడదు. మాంత్రికుడి విద్యలన్నీ ఆ ఒక్క ముడి దగ్గర ఓడిపోతాయి. చదివిన ప్రతిసారీ నాకు ఒళ్ళు గగుర్పొడిచేది. ఒక రాత్రి ఇంట్లో తమ్ముణ్ణి నా నడుముకి కట్టుకుని తన్నులు తిన్నాను కూడా.

ఒక కంపెనీ వాళ్ళు ఇలాంటి పాత నవలలు వెతికి వెబ్ సిరీసులు తీయడం మొదలుపెట్టారు. ముందు సిరీస్, అది ఆడితే బొమ్మల కథ, ఆడియో, ఆపైన సినిమా. 'ఆటుద్వీపం' పేరు నేనే చెప్పాను. రాసినావిడ రేపల్లెలో ఉందని తెలిసింది. ఆ వైపు వాడివే కదా, వెళ్ళి ఒప్పించుకు రమ్మని నన్నే పంపారు.

ఎండాకాలం. తెనాలిలో రేపల్లె బండి ఎక్కి, వేమూరు, భట్టిప్రోలు దాటుకుంటూ వెళ్ళాను. ఆవిడకి అప్పటికే చూపు పోయింది. కంటిలో ప్రెషరు పెరిగి నరం దెబ్బతిన్నదట. పెళ్ళి చేసుకోలేదు. అన్నగారి కూతురు పద్మ ఇంట్లో ఉంటోంది. నేను "పిన్నిగారూ" అన్నాను. ఆవిడ "నాయనా" అంది. వసారాలో చాప మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. చూపుతో పని లేదు, వేళ్ళే వెతుక్కుంటున్నాయి. పక్కన స్టీలు పళ్ళెం. పిక్క పడినప్పుడల్లా టక్ మని చప్పుడు.

"కాగితాలు నేను చదవలేను. పద్మ చదివితే నిద్రొస్తుంది. నువ్వు కథ చెప్పేవాడివంట కదా, చెప్పు. నచ్చితే సంతకం పెడతాను" అంది.

నాకు ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే, ఆవిడ కళ్ళు చూసి కథ నడపడానికి లేదు. అందుకని చేతులు చూడడం మొదలుపెట్టాను. కాసేపటికి అర్థమైంది. మామూలు చోట్ల టక్, టక్ మని పిక్కలు పడుతూనే ఉంటాయి. మనసు తగిలిన చోట చప్పుడు ఆగిపోతుంది. అంతే, చప్పుడు ఎక్కడ ఆగితే అక్కడ నిలబడ్డాను. జలకంఠుడిని ఆడమనిషిగా మారుస్తారట అని చెబితే నవ్వింది. "మార్చుకోండి నాయనా, మా ఊరి మగాళ్ళకంటే నయమే" అంది. పాటలు పెడతామంటే పెట్టుకోమంది. దీవిలో రాజుగారి కోట వద్దంటున్నారంటే వద్దులెమ్మంది. నవల రాసినవాళ్ళు ఇంత తేలిగ్గా ఒప్పుకోవడం నేను ఎక్కడా చూడలేదు. నాలో నేను మురిసిపోతూ గవ్వ గొంతు అందుకున్నాను. చిన్నపిల్ల గొంతు నాకు బాగా వస్తుంది.

చప్పుడు ఆగిపోయింది. చాలాసేపు మళ్ళీ మొదలవలేదు.

ఆవిడ పద్మని పిలిచి, అబ్బాయికి బోండాం కొట్టించుకురమ్మని బజారుకి పంపింది. పద్మ చెప్పుల చప్పుడు వీధి చివరికి పోయేదాకా ఆగింది. అప్పుడు నా వైపు తిరిగి, "ఏదైనా మార్చుకోండి. గవ్వ జోలికి మాత్రం వెళ్ళొద్దు. ఆ ముడి ఊడకూడదు" అంది. అలాగేనండి అన్నాను.

"నీ నోట్లో నువ్వుగింజ నానుతుందా?"

"నానుతుందండి పిన్నిగారూ."

ఎందుకు నమ్మిందో ఇప్పటికీ తెలియదు. బహుశా నేను ఆ ఊరివాణ్ణి కాదు కాబట్టి. లేదా ఆ గొంతు వల్ల. "మా చెల్లెలి గొంతు అచ్చం అలాగే ఉండేది" అంది. తర్వాత చెప్పింది. వాళ్ళ ఊరు రేపల్లె అవతల, సముద్రానికి దగ్గర. ఉప్పెన వచ్చినప్పుడు ఆవిడ ఓణీ వేసుకునే పిల్ల. చెల్లెలు పలక పట్టుకునే వయసు. తాడిచెట్టు కావిలించుకుని, చెల్లెల్ని ఓణీతో నడుముకి కట్టుకుందట. నీళ్ళు లేస్తున్నాయి. పిల్ల బరువుకి చేతులు చెట్టు మీద నుంచి జారిపోతున్నాయి.

"ఇంట్లో అందరికీ ముడి ఊడిపోయిందని చెప్పాను. మా అమ్మ పోయేదాకా అదే నమ్మింది. మా అన్న కూడా అంతే. ఊడలేదు నాయనా. నేనే విప్పాను. విప్పుతుంటే అది నా చేతులకేసే చూస్తోంది."

నవలలో ఆ ముడి ఎందుకు ఊడలేదో అప్పుడు తెలిసింది. మేము చిన్నప్పుడు ఒళ్ళు గగుర్పొడిచి చదువుకున్నది ఆవిడ చెయ్యలేకపోయిన పని. పద్మ బోండాం తెచ్చి ఇచ్చింది. తాగాను. ఆవిడ మళ్ళీ చింతపండు చేతిలోకి తీసుకుంది.

ఇప్పటిదాకా చెప్పినదాంట్లో నా తప్పేమీ లేదు. ఇక్కడితో ఆపేస్తే మీరు నన్ను మంచివాడనే అనుకుంటారు. నా చెయ్యి కూడా ఇక్కడే ఆగుతోంది.

హైదరాబాదులో కథ గదిలో కూర్చున్నాం. ముగింపు దగ్గర బండి ఆగిపోయింది. అల వచ్చింది, ముడి ఊడలేదు, పిల్లలు బతికారు. "అయితే ఏంటి?" అన్నాడు డైరెక్టరు. ఒకరు గవ్వని చంపేద్దామన్నారు. ఇంకొకరు మాంత్రికురాలే ముడి ఊడగొడుతుంది అన్నారు. ఏదీ ఎవరికీ నచ్చలేదు. టీలు వచ్చాయి, పోయాయి. అప్పటికి నా పేరు 'కథా సహకారం' అని చిన్న అక్షరాల్లో, ఓ గుంపులో రావాల్సి ఉంది. ఎన్నో ఏళ్ళుగా అలాగే వస్తోంది. తెర మీద ఆ గుంపు కనపడేలోపే జనం లేచిపోతారు.

నేను నోరు తెరిచాను. "అక్కే విప్పేస్తే?" అన్నాను.

చెప్పమన్నారు. చెప్పాను. గాలి వీచాను, చెట్టు కావిలించుకున్నాను, చేతులు జారాయి. పిల్ల ఏడవదు, అరవదు, అక్క చేతులకేసి చూస్తూ ఉంటుంది అని చెప్పాను. ఆ చూపు కూడా ఇచ్చేశాను. డైరెక్టరు లేచి వచ్చి నన్ను కావిలించుకున్నాడు. "ఎక్కణ్ణించి పట్టావయ్యా ఇది?" అన్నాడు. "ఊరికే, తట్టిందండి" అన్నాను. 'స్క్రీన్‌ప్లే' అని నా పేరు ఒక్కటే పడింది.

నోరు జారిందని మీకు చెప్పుకోవచ్చు. చాలాకాలం నాకు నేను అలాగే చెప్పుకున్నాను. జారలేదు. నిజం చెప్పాలంటే, మొదటిసారి రేపల్లె నుంచి తిరిగి వస్తున్న బండిలోనే, ఇంకా భట్టిప్రోలు రాకముందే, నా పెదవులు కదులుతున్నాయి. ఎదుటి సీటాయన నాకేదో జబ్బనుకుని వింతగా చూశాడు. నేను ఆ ముడి విప్పే చోటు చెప్పి చూసుకుంటున్నాను. ఎక్కడ ఆగాలి, ఎక్కడ గొంతు తగ్గించాలి. ఆవిడ చెప్పి ఎంతసేపైంది? కొబ్బరినీళ్ళ తడి కూడా ఆరలేదు. నేను ఎలాంటి మనిషిని? ఏడవాల్సిన చోట లెక్క కట్టుకునే మనిషి ఉంటాడా? ఉన్నాడు, నేనే.

తర్వాత సంతకం కోసం మళ్ళీ రేపల్లె వెళ్ళాను. కథ మొత్తం ఇంకోసారి చెప్పమంది. చెప్పాను. ముడి ఊడలేదని చెప్పాను. గవ్వ గొంతుతో నవ్వాను కూడా. ఆవిడ చేతులు ఆగాయి. మొహంలో ఒక వెలుగు వచ్చింది, అది నేను చూశాను. చూసి కూడా కాగితాలు ముందుకు జరిపాను. పద్మ చెయ్యి పట్టుకుని చూపిస్తే సంతకం పెట్టింది.

భయం అప్పుడే మొదలైందా? లేదు. అప్పుడు పని అయిందన్న సంతోషమే. భయం బాపట్ల దగ్గర పట్టుకుంది. ఆ చివరి దృశ్యం అక్కడి సముద్రం ఒడ్డున తీశారు. పెద్ద పెద్ద ఫ్యాన్లు, ట్యాంకర్లతో నీళ్ళు, పాతిన తాటిమొద్దు. ఊళ్ళో జనంగా కూర్చోవడానికి పిట్టలవానిపాలెం వైపు నుంచి ఆడవాళ్ళని పిలిపించారు. పెద్దమ్మాయి ముడి విప్పుతోంది. చిన్నపిల్ల ఆ చేతులకేసి చూస్తోంది. నేను కెమెరా పక్కనే నిలబడి ఉన్నాను. వెనక నుంచి ఒక పెద్దావిడ లేచి, "ఎందుకమ్మా విప్పుతున్నావు? ఊడిపోయిందని చెప్పుకోవడానికా?" అంది. ఎవరినీ ఉద్దేశించి అనలేదు. చీర దులుపుకుని భోజనానికి కూడా ఉండకుండా వెళ్ళిపోయింది. ఇది ఒక్క పిన్నిగారి రహస్యం కాదా? ఆ ఒడ్డున ఇంకెంతమంది ఇళ్ళలో ముళ్ళు 'ఊడిపోయాయి'? వాళ్ళందరూ ఇది చూస్తారు కదా? వాళ్ళ పిల్లలు చూసి వాళ్ళకేసి తిరుగుతారు కదా?

ఒక్క సంగతి నన్ను కాపాడింది. ఆ చోట మాటలు వద్దు, గాలి, నీళ్ళ చప్పుడు చాలు అన్నాడు డైరెక్టరు. వినగానే దేవుడికి దండం పెట్టుకున్నాను. కళ్ళు లేనావిడకి గాలి తప్ప ఏం వినిపిస్తుంది?

సిరీస్ వచ్చింది. జనం విరగబడి చూశారు. నవలకి లేని ధైర్యం ఈ ముగింపుకి ఉందని ఎవరో రాశారు. బజార్లో వేసిన పోస్టర్ల మీద మొహాలు లేవు. ఒక ముడి, దాని మీద రెండు చేతులు, అంతే. తెనాలిలో టిఫిన్‌కి వెళితే తెలిసినవాళ్ళు భుజం తట్టేవాళ్ళు. "ఏం తీశారండీ, మా ఇంట్లో అందరూ ఒకటే ఏడుపు" అనేవాళ్ళు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు ఆ మాటెత్తినా నేను వెంటనే, "అదంతా ఊహేనండి" అనేవాణ్ణి. అడగకుండానే. ఒకాయన నవ్వి, "ఊహ కాక నిజమని ఎవరన్నారండీ" అన్నాడు. ఇడ్లీ సగంలోనే వదిలేసి లేచాను.

అప్పుడు పద్మ ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, అత్తయ్య మిమ్మల్ని ఒకసారి రమ్మంటోందండి." అప్పటికింకా రేపల్లె ఫోన్లు ఎత్తేవాణ్ణి.

మళ్ళీ ఎండాకాలమే. అదే వసారా, అదే చాప, అదే చింతపండు. పద్మ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. పిన్నిగారు నన్ను కూర్చోమంది. మంచినీళ్ళు ఇప్పించింది. బండి ఖాళీగా ఉందా అని అడిగింది. ఆవిడ గొంతులో కోపం ఉందేమోనని చెవులు రిక్కించాను. ఏమీ దొరకలేదు.

"విన్నాను నాయనా. పద్మ ఫోన్‌లో పెట్టింది. గవ్వ పోయింది కదూ" అంది.

"నా చేతుల్లో లేదండి పిన్నిగారూ. కంపెనీ వాళ్ళు మార్చేశారు. నేను చాలా చెప్పి చూశానండి. వినలేదు."

"పోనీలే. మీ పనిలో మీకుండే ఇబ్బందులు మీకుంటాయి."

టక్. టక్. పిక్కలు పడుతున్నాయి. గండం గడిచిందనుకున్నాను. లేవబోతున్నాను.

"ఒక చోట మాటల్లేవు. గాలి, నీళ్ళు, అంతే. చాలాసేపు. తర్వాత ముత్యాలు ఏడుపు. ఆ మధ్యలో ఏం చూపించారు?"

పద్మకేసి చూశాను. తల వంచుకుని బియ్యం ఏరుకుంటోంది. తను చూసింది, ఫోను తన చేతిలోనే ఉంది కదా. నేను నిజం చెబితే ఈవిడకి తెలుస్తుంది. అబద్ధం చెబితే పద్మకి తెలుస్తుంది. అంతసేపట్లో ఎన్ని ఆలోచించానో. ఆవిడకేసి చూశాను. గుడ్డి కళ్ళు సరిగ్గా నా నోటి మీదే ఉన్నట్టు అనిపించింది.

"అల కొట్టిందండి. ముడి ఊడిపోయింది" అన్నాను.

టక్. టక్. చప్పుడు ఆగలేదు. చేతులు ఎక్కడా తడబడలేదు. "ఊడిపోయిందా" అంది. "ఊడిపోయిందండి" అన్నాను. ఆవిడ తల ఊపింది. నమ్మింది అనుకున్నాను. నమ్మకపోతే చేతులు ఆగేవి కదా, ఆవిడ చేతుల సంగతి నాకు తెలుసు కదా అనుకున్నాను. భోజనం చేసి వెళ్ళమంది. బండి వేళయిందని లేచాను.

పద్మ గేటు దాకా వచ్చింది. మంచి పిల్ల, మనసులో ఏదీ దాచుకోదు. "అదేంటన్నయ్యగారూ, ముడి ఊడిపోయిందన్నారు? ఆ అమ్మాయి విప్పింది కదండీ. అత్తయ్య నన్ను ఆ రోజే అడిగితే నేను ఉన్నదున్నట్టు చెప్పాను" అంది.

"ఏమంది?" అన్నాను.

"ఏమీ అనలేదండి. ఆ రోజు అన్నం తినలేదు. తర్వాత మిమ్మల్ని పిలవమంది."

అంటే అడిగేటప్పటికే ఆవిడకి తెలుసు. విప్పిందని తెలుసు. ఆ మాట లోకంలో నా ఒక్కడికే చెప్పిందని తెలుసు. కంపెనీ వాళ్ళకి అది ఎలా తెలుస్తుంది? నేను చెబితే తప్ప. తెలిసి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, నేనేం చెబుతానో విని, పిక్కలు తీసుకుంటూ ఉండిపోయింది. నేను ఆవిడకి ఏం చెప్పానో చూడండి. ఆవిడ వాళ్ళ అమ్మకి చెప్పిన అబద్ధమే, అవే మాటలతో.

స్టేషనుకి ఎలా నడిచానో గుర్తులేదు. ఆ తర్వాత నేను రేపల్లె వెళ్ళలేదు.

దేనికి ఇంత భయం అని నన్ను నేను చాలాసార్లు అడుగుతాను. పద్మకి ఏదో ఒక రోజు అర్థమవుతుందని భయం. ఉప్పెనలో పోయిన చిన్నత్త గురించి ఆ ఇంట్లో అందరికీ తెలుసు, ఆ ముడి కథ తెలుసు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడానికి ఎంత తెలివి కావాలి? ఇప్పటికే పెట్టి చూసిందేమో? వసారాలో ఆ ఇద్దరూ ఏమీ తెలియనట్టు ఒకరి ఎదుట ఒకరు కూర్చుంటున్నారేమో? పిన్నిగారు నన్ను తిడుతుందనైతే భయం లేదు. తిడితే బాగుండును. పోనీలే నాయనా అంటుందేమోనని భయం. ఆ మాట ఒకసారి అనేసింది. నా మొదటి అబద్ధానికే అనేసింది. రెండోదానికి కూడా అంటే ఆ తర్వాత నేను ఏ మొహం పెట్టుకుని కథ చెప్పాలి?

ఇప్పుడు రెండో సీజన్ అంటున్నారు. విప్పిన అక్క తర్వాత ఎలా బతికింది అన్నదే కథట. నిన్న డైరెక్టరు ఫోన్ చేశాడు. "రేపల్లె వెళ్ళి పెద్దావిడని ఒకసారి కదిలించి రావయ్యా, ఇంకేమైనా దొరుకుతుంది" అన్నాడు. నాకు తెలియకుండానే "అలాగేనండి" అన్నాను. పాత అలవాటు. ఫోన్ పెట్టేశాక మళ్ళీ చేసి నా వల్ల కాదని చెప్పాను. ఎందుకని అడిగాడు. ఆరోగ్యం బాగోలేదన్నాను. చూశారా, అక్కడ కూడా నిజం రాలేదు.

ఇదంతా మీకు రాస్తుంటే ఒక అనుమానం పీకుతూనే ఉంది. ఇది మాత్రం ఏమిటి? ఆవిడ నాకొక్కడికే చెప్పినదాన్ని మళ్ళీ ఇంకోసారి అమ్ముకోవడం కాదా? అందుకని ఒక పని చేశాను, అదీ ఒప్పుకుంటాను. ఇక్కడ ముడి అని రాశాను. అక్కడ ఉన్నది ముడి కాదు. ఓణీ కాదు, తాడిచెట్టూ కాదు. పోస్టరు మీద ఉన్నదీ వేరే. ఆవిడ ఆ రోజు నాతో చెప్పింది ఇంకొకటి. ఆ చూపు నిజం, ఆ చేతులు నిజం, ఆవిడ చేసిన పని నిజం, దాన్ని నేను ఎత్తుకుపోయింది నిజం. అసలు సంగతి మాత్రం మీకు చెప్పలేదు, చెప్పను. ఇన్నేళ్ళకి నా నోట్లో ఒక్క నువ్వుగింజ నానుతోంది.

ఇందాక రేపల్లె నుంచి మళ్ళీ ఫోన్ వచ్చింది. ఎత్తలేదు. కానీ ఈసారి ఊరికే చూస్తూ కూర్చోలేదు. అది మోగుతున్నంతసేపూ, ఎత్తితే చెప్పాల్సిన మాట బయటికి అని చూసుకున్నాను. గవ్వ గొంతుతో కాదు, ఎవరి గొంతుతోనూ కాదు. "కంపెనీ వాళ్ళు కాదు పిన్నిగారూ, నేనే" అన్నాను. ఫోను ఆగిపోయింది. గదిలో ఎవరూ లేరు. అయినా ఆ మాట అన్నాక నాకు ఊపిరి అందింది.